పిట్ట మీది గోమారి: కోతి జ్వరాన్ని సైబీరియా పక్షులే తెచ్చాయా?

క్లుప్తంగా

అడవిలో నేల మీద తిరిగే పక్షుల ఒంటి మీద గోమార్లు (రక్తం తాగే పిడుదులు, ఇంగ్లీషులో టిక్స్) ఉండటం ఉష్ణమండల దేశాల్లో మామూలే. పశ్చిమ కనుమల్లో ఏటా కనిపించే క్యాసనూరు అడవి జ్వరం, అంటే కోతి జ్వరం, గోమార్ల వల్లే వస్తుంది కాబట్టి, దాన్ని వలస పక్షులు మోసుకొచ్చాయేమోనన్న అనుమానం 1957 నుంచీ ఉంది. పక్షి గోమారిని మోయగలదు, అందులో సందేహం లేదు. కానీ ఒక జబ్బు కొత్త అడవిలో పాతుకుపోవడానికి అదొక్కటే చాలదు. ఇప్పటిదాకా దొరికిన ఆధారాలు ఎక్కడినుంచో వచ్చే పక్షుల కంటే అడవి అంచున మేసే పశువుల వైపు, నరికిన అడవి వైపు ఎక్కువగా చూపిస్తున్నాయి.

డిసెంబరు వచ్చిందంటే కర్ణాటక మలెనాడు నుంచి ఒకే రకం వార్తలు మొదలవుతాయి. ఫలానా ఊరి పక్కన అడవిలో కోతి చచ్చిపడింది, కొన్నాళ్లకి పుల్లల కోసమో, వక్కతోటకి ఎరువుగా రాలిన ఆకు ఏరడానికో అడవికి వెళ్లొచ్చినవాళ్లు ఉన్నట్టుండి జ్వరంతో పడిపోయారు. అక్కడివాళ్లు దీన్ని మంగన కాయిలె అంటారు, అంటే కోతి జబ్బు. ఆ వెంటనే వినిపించే మాట, ఈ జబ్బు విదేశీ పక్షులు తెచ్చిందని. ఇది ఊరికే పుట్టిన పుకారు కాదు. పేరున్న శాస్త్రవేత్తలే ఒకప్పుడు ఈ దిశగా గట్టిగా ఆలోచించారు, దాని కోసం వేల మైళ్ల మేర పక్షుల కాళ్లకు రింగులు వేశారు. అందుకే ఆ అనుమానం ఎలా పుట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో కాస్త ఓపిగ్గా చూడాలి.

ఏది గోమారి, ఏది కాదు

పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్లకి గోమారిని పరిచయం చేయక్కర్లేదు. ఆవు చెవి లోపల, పొదుగు పక్కన, తోక మొదట్లో బూడిదరంగు గింజల్లా పట్టుకుని ఉంటాయి, కొన్ని ఊళ్లలో పిడుదులంటారు. ఇవి సాలీడు, తేలు జాతికి చుట్టాలు. పేలు వేరు, మంచాల్లో ఉండే నల్లులు వేరు.

స్క్రబ్ టైఫస్ కేసులు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. దాన్ని అంటించేది చిగ్గర్ అనే మైటు పిల్ల, గోమారి కాదు. ఆ జబ్బుకి కారణం బ్యాక్టీరియా, సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మందుతో తగ్గిపోతుంది. క్యాసనూరు జ్వరానికి కారణం వైరస్, దాన్ని నేరుగా చంపే మందు ఇప్పటికీ లేదు, ఒంట్లో నీరు తగ్గకుండా, రక్తస్రావం ముదరకుండా చూసుకోవడమే వైద్యం. చిగ్గర్‌కీ, గోమారి పిల్లకీ కాళ్లు ఆరే కాబట్టి, రెండూ కంటికి ఆనవు కాబట్టి, జనం ఒకటనుకోవడం సహజం.

మూడు భోజనాల బతుకు

క్యాసనూరు జ్వరాన్ని ప్రధానంగా మోసేది హీమాఫైసాలిస్ స్పినిగెరా అనే గోమారి. దీని బతుకంతా మూడే మూడు భోజనాలు. గుడ్డులోంచి వచ్చిన ఆరు కాళ్ల పిల్ల, అంటే లార్వా, ఒక జంతువు మీదికెక్కి కొన్ని రోజులు రక్తం తాగి నేల మీద రాలిపోతుంది. ఆకుల కింద కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల నింఫ్ అవుతుంది. నింఫ్ ఇంకో జంతువును పట్టుకుని తాగి మళ్లీ రాలుతుంది, పెద్దదవుతుంది. పెద్దది మూడో జంతువును పట్టుకుంటుంది, ఆడదైతే కడుపునిండా తాగి రాలి, ఒకేచోట వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఏ దశ ఏ జంతువును పడుతుందన్నది ఎత్తు మీద, కాలం మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద గోమార్లు వానాకాలంలో, జూన్ నుంచి, పశువుల్లాంటి పెద్ద జంతువుల కోసం చూస్తాయి. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా లార్వాలు ఆకుల్లో గుంపులు గుంపులుగా ఉంటాయి. నవంబరు, డిసెంబరుల నుంచి ఎండాకాలం చివరిదాకా నింఫ్‌ల రాజ్యం. మనిషిని ఎక్కువగా కుట్టేది ఈ నింఫే. జ్వరాలు డిసెంబరు నుంచి మే దాకా ఎందుకొస్తాయో చెప్పడానికి ఈ క్యాలెండర్ చాలు.

లార్వాలు, నింఫ్‌లు చిన్నవి, పెద్దగా పైకి ఎక్కలేవు, ఎక్కువగా రాలిన ఆకుల మీదే కాచుకుని ఉంటాయి. వాటికి అందేది ఎవరు? ఎలుకలు, ఉడతలు, చుంచులు, నేల మీదికి దిగే కోతులు, ఆకులు కాళ్లతో చెదరగొట్టి పురుగులేరుకునే పక్షులు. అడవికోడి పొద్దున్నే చేసే పనే అది.

కంటిరెప్ప దగ్గరే ఎందుకు

పక్షుల మీద పరిశోధన చేసేవాళ్లు తెల్లవారుజామున సన్నటి వలలు కడతారు. చిక్కిన పక్షిని మెల్లిగా విడిపించి, తలను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, చెవి దగ్గర ఈకల మీద ఉఫ్‌మని ఊదుతారు. ఈకలు విచ్చుకుంటాయి, కింద గులాబీరంగు చర్మం బయటపడుతుంది. గోమారి ఉంటే అక్కడే, చెవి చుట్టూనో కంటిరెప్ప అంచునో ముక్కు మొదట్లోనో గడ్డం కిందనో ఉంటుంది. తాగనిదైతే గసగసాల గింజంత కూడా ఉండదు. తాగి ఉబ్బిన లార్వా ఆవగింజంత, నింఫ్ అయితే చిన్న మినపగింజంత. రెప్ప మీద అలాంటివి రెండు మూడు పక్కపక్కన ఉంటే పిట్టకి కన్ను సగమే తెరుచుకుంటుంది. సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిదానంగా లాగి, చిన్న సీసాలో ఆల్కహాల్‌లో వేస్తారు.

తల మీదే ఎందుకంటే, పక్షి తన ఒళ్లంతా ముక్కుతో దువ్వుకోగలదు గానీ తన తలను తాను దువ్వుకోలేదు. కాలితో గీక్కోవడమే దిక్కు. ఒళ్లంతా పాకినవాటిలో చాలా మటుకు ముక్కుకి దొరికి పోతాయి, తల మీదికి చేరినవి బతుకుతాయి. పట్టు దొరికాక గోమారి జిగురులాంటి పదార్థంతో నోటిని చర్మంలో అతికించుకుంటుంది. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసేవి, ఒంటి రక్షణ వ్యవస్థను కాస్త మందగింపజేసేవి ఉంటాయి. అందుకే మనిషికైనా పిట్టకైనా కుట్టిన సంగతి వెంటనే తెలియదు.

పక్షికి హాని ఎంత అంటే, ఒకటి రెండు గోమార్లతో ఆరోగ్యంగా ఉన్న పక్షికి పెద్దగా ఏమీ కాదు. గూట్లో ఉన్న పిల్లలకి, అప్పటికే నీరసంగా ఉన్నవాటికి, కంటి చుట్టూ ఎక్కువగా పట్టినవాటికి కష్టం.

1957: కోతులు రాలిన అడవి

అప్పటి మైసూరు రాష్ట్రం, షిమోగా జిల్లా, సొరబ తాలూకాలో క్యాసనూరు అడవి. 1957 మొదట్లో ఆ చుట్టుపక్కల నల్లమూతి కొండముచ్చులు, మామూలు కోతులు పెద్ద సంఖ్యలో చచ్చిపోవడం మొదలైంది, అదే సమయంలో ఊళ్లలో జ్వరాలు. కోతుల చావు, మనుషుల జ్వరం కలిసి రావడంతో మొదట అందరికీ వచ్చిన టెన్షన్ ఎల్లో ఫీవర్ గురించి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉండే ఆ జబ్బు ఆసియాలో అడుగుపెడితే ఎంత ఘోరం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పుణెలోని వైరస్ రీసెర్చ్ సెంటర్ బృందం హుటాహుటిన వెళ్లింది. ఈ సంస్థే ఇప్పటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ.

దొరికింది ఎల్లో ఫీవర్ కాదు, కొత్త వైరస్. కొత్తదే గానీ, దాని గుణాలు అప్పటికే తెలిసిన ఒక కుటుంబానికి దగ్గరగా ఉన్నాయి. ఆ కుటుంబం పేరు రష్యన్ స్ప్రింగ్ సమ్మర్ ఎన్‌సెఫలైటిస్, సైబీరియా వైపు చల్లటి అడవుల్లో గోమార్ల ద్వారా వచ్చే మెదడువాపు.

సైబీరియా అనుమానం ఎలా పుట్టింది

ఇక్కడ ఆనాటి శాస్త్రవేత్తల ఆలోచనను తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. వైరస్ చుట్టరికం సైబీరియాది. సైబీరియా నుంచి ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో పక్షులు భారతదేశానికి వస్తాయి. వాటి ఒంటి మీద గోమార్లుంటాయి. అవి వచ్చిన రెండు మూడు నెలలకి జ్వరాలు మొదలవుతాయి. నాలుగూ వరసగా పేరిస్తే కథ అచ్చు గుద్దినట్టు సరిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసక్తి చూపింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో పక్షులకు రింగులు వేసే పని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. పట్టిన పక్షి కాలికి నంబరున్న అల్యూమినియం రింగు వేయడం, ఒంటి మీది గోమార్లు తీయడం, వదిలేయడం. తర్వాత 1963 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం నిధులతో ఆసియా దేశాల్లో ఇదే తరహా సర్వే ఇంకా పెద్దగా నడిచింది, మొత్తం మీద పది లక్షలకు పైగా పక్షులకు రింగులు పడ్డాయి. విదేశీ సైన్యం డబ్బుతో ఇక్కడి పక్షులు, వైరస్‌ల మీద పరిశోధన ఏమిటని 1970లలో మన పార్లమెంటులోనూ గట్టి ప్రశ్నలే వచ్చాయి. ఆ ప్రశ్నలు అడగాల్సినవే. అదే సమయంలో, మన దేశానికి వచ్చే పక్షులు ఏ దారిన వస్తాయో ఈ రోజు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ రింగుల పుణ్యమేనన్నదీ ఒప్పుకోవాలి.

లెక్క కుదరనిది ఎక్కడ

మొదటి చిక్కు గోమారి భోజన సమయం. లార్వా గానీ నింఫ్ గానీ పక్షిని పట్టుకుని ఉండేది కొన్ని రోజులే. సైబీరియా నుంచి పశ్చిమ కనుమల దాకా ప్రయాణం, మధ్యలో ఆగుతూ మేస్తూ, వారాల తరబడి సాగుతుంది. బయల్దేరినప్పుడు ఎక్కిన గోమారి చాలావరకు మధ్య దారిలోనే రాలిపోతుంది.

రెండోది, ఒకవేళ మధ్యలో రాలిపోకుండా వచ్చేసినా, అక్కడి జబ్బును మోసే ఐక్సోడిస్ పర్సుల్కేటస్ చలి అడవుల జీవి. మలెనాడు వానల్లో, ఉక్కలో దాని సంతానం నిలబడదు. వైరస్ బతకాలంటే ఆ గోమారి చచ్చేలోపు ఇక్కడి గోమారికి అంటాలి. ఇది అసాధ్యమేమీ కాదు. ఒకే జంతువు మీద పక్కపక్కన తాగుతున్న రెండు గోమార్లు, దాని రక్తంలో వైరస్ పెద్దగా లేకపోయినా, చర్మంలోంచే ఒకదాన్నుంచి ఇంకోదానికి వైరస్ మార్చుకోగలవని ఇదే కుటుంబానికి చెందిన యూరప్ వైరస్‌ల మీద ప్రయోగాల్లో తేలింది. అంటే తలుపు పూర్తిగా మూసి లేదు, కాకపోతే చాలా ఇరుకు.

మూడోది జన్యువులు. 1995లో సౌదీ అరేబియాలో అల్ఖుర్మా అనే వైరస్ దొరికింది. క్యాసనూరు వైరస్‌కి అన్నిటికంటే దగ్గర చుట్టం అదే, సైబీరియాది కాదు. చూపు ఉత్తరం నుంచి పడమరకి తిరిగింది. ఈ రెండూ ఎప్పుడు విడిపోయాయన్నదాని మీద లెక్కలు తేడాగా వచ్చాయి. 2009 నాటి ఒక అంచనా 1940ల దగ్గర ఆగితే, 2011లో మరిన్ని నమూనాల పూర్తి జన్యుక్రమాలు చదివి వేసిన అంచనా సుమారు 700 ఏళ్లు వెనక్కి వెళ్లింది. రెండో అంచనాయే నిజమైతే ఈ వైరస్ మన అడవుల్లో తరాల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి ఉండొచ్చు, 1957లో జరిగింది రావడం కాదు, బయటపడటం. అల్ఖుర్మా కథలోనూ పక్షులున్నాయి, ఆఫ్రికా వైపు నుంచి మధ్యధరా మీదుగా వచ్చిన పక్షుల ఒంటి మీది గోమార్లలో దాని జన్యు పదార్థం దొరికిందని 2018లో ప్రచురించారు. కాబట్టి పక్షులకు పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వడమూ తొందరపాటే.

అన్నిటికంటే పెద్ద పొరపాటు క్యాలెండర్ దగ్గర జరిగింది. వలస పక్షులు దిగే నెలలూ, లార్వాలు పుట్టే నెలలూ ఒకటే. రెండూ కలిసి వస్తాయి కాబట్టి ఒకటి రెండోదాన్ని తెస్తోందనిపిస్తుంది. నిజానికి లార్వాలను తెచ్చేది వానాకాలం, ఆ వానాకాలంలో పశువుల మీద కడుపు నింపుకున్న ఆడ గోమార్లు. పక్షులు ఒక్కటి కూడా రాని ఏడాది ఊహించుకున్నా అక్టోబరులో ఆకుల కింద లార్వాలు ఉంటాయి.

మరి అక్కడి పక్షుల పాత్ర ఎంత

ఎగిరొచ్చే పక్షుల కంటే అక్కడే ఉండే పక్షులు ముఖ్యం. అడవికోళ్లు, ముళ్లకోళ్లు, నేల మీద మేసే త్రష్ జాతి పిట్టల మీద లార్వాలు, నింఫ్‌లు దొరుకుతాయి. హీమాఫైసాలిస్ వెల్లింగ్టోనీ అనే ఇంకో గోమారికి నేల పక్షులంటే మరీ ఇష్టం, దాంట్లో కూడా క్యాసనూరు వైరస్ దొరికింది.

అయినా గోమారిని మోయడం, వైరస్‌ను పెంచడం రెండు వేర్వేరు పనులు. కోతికి సోకితే రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, అప్పుడు దాని మీద తాగుతున్న పిల్ల గోమార్లన్నీ వైరస్ ఎక్కించుకుంటాయి, కోతి చచ్చాక ఆ కళేబరం చుట్టూ రాలి అక్కడొక ప్రమాదపు వలయం తయారవుతుంది. ఆవు ఇందుకు విరుద్ధం, దాంట్లో వైరస్ పెద్దగా పెరగదు గానీ పెద్ద గోమార్లకి అదే అన్నదాత. పక్షులు కోతిలా వైరస్‌ను పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు. అవి చేసేది మోత పని. ఒక లార్వా అడవికోడి మీద తాగితే దానికి వైరస్ అంటకపోవచ్చు, అయినా అది బతికి నింఫ్ అవుతుంది, ఆ మేరకు అడవిలో గోమార్ల సంఖ్య పెరుగుతుంది. పైగా పక్షి దాన్ని ఎలుక మోసే దూరం కంటే ఎక్కువ దూరం, ఒక పొద నుంచి వాగు దాటి ఇంకో పొదకి, అక్కడినుంచి వక్కతోట అంచుకి మోస్తుంది.

ఈ కథలో మనిషి చేసింది ఏమిటన్నదాన్ని 1969లోనే హోర్హె బోషెల్ అనే శాస్త్రవేత్త స్పష్టంగా రాశారు. జనాభా పెరిగి, అడవిని పొలం కోసం కొట్టి, మిగిలిన అడవిలోకి పశువుల్ని తోలడంతో గోమార్లకి కావాల్సినంత తిండి దొరికిందని ఆయన వాదన. కొట్టేసిన అంచుల్లో లంటానా పొదలు కమ్ముకుంటాయి, తలంబ్రాల చెట్టని మన దగ్గర పిలిచేదే. నీడ, తడి, రాలిన ఆకు, తినడానికి పళ్లు, దాక్కోవడానికి ముళ్లు అన్నీ అక్కడే ఉండటంతో పక్షి, ఎలుక, పశువు, గోమారి, పుల్లలకొచ్చిన మనిషి అందరూ ఆ అంచు దగ్గరే కలుస్తారు.

దీనికి పెద్ద ఉదాహరణ దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి ప్రాంతం. 1980ల మొదట్లో జీడిమామిడి తోట కోసం అక్కడ అడవి కొట్టారు, 1983లో జ్వరం విరుచుకుపడింది. 1,500కు పైగా కేసులు, 150 దాకా మరణాలు. ఆ ఏడు పక్షులు కొత్తగా ఏ దేశం నుంచీ రాలేదు. మారింది అడవి.

పనామా అడవి, కరీబియన్ కొంగ

పశ్చిమ కనుమల అనుభవం ఒంటరిది కాదు. పనామా అడవుల్లో 3,498 పక్షుల్ని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 227 పక్షుల మీద గోమార్లు దొరికాయి, అంటే వందకు ఆరేడు. 93 జాతుల పక్షుల మీద 11 జాతుల గోమార్లు, అన్నీ పిల్ల దశలవే. పిల్ల గోమారిని చూసి జాతి చెప్పడం చాలా కష్టం కాబట్టి డీఎన్‌ఏ ద్వారా గుర్తించారు. వానకీ, ఉష్ణోగ్రతకీ గోమార్ల శాతంతో సంబంధం కనబడలేదు, పక్షి అలవాట్లతో కనబడింది. ఉత్తర అమెరికా నుంచి వచ్చే వలస పక్షుల కంటే స్థానిక పక్షులకే గోమార్లు ఎక్కువ.

అలాగని వలస పక్షులు తక్కువ మోస్తాయనీ కాదు. వసంతంలో లాటిన్ అమెరికా నుంచి అమెరికాకి తిరిగెళ్లే పక్షులు ఏటా 1.9 కోట్లకు పైగా విదేశీ గోమార్లను మోసుకెళ్తాయని 2015లో ఒక అంచనా వచ్చింది. అన్ని కోట్లు దిగుతున్నా ఆ జాతుల్లో చాలావాటికి అక్కడ కాలు నిలవడం లేదు, ఎందుకంటే దిగిన చోట సరైన తేమ, తర్వాతి భోజనానికి సరైన జంతువు, జత కట్టడానికి ఇంకో గోమారి, మూడూ ఒకేసారి దొరకాలి.

మూడూ దొరికితే ఏమవుతుందో కరీబియన్ దీవులు చూపించాయి. ఆఫ్రికా పశువులతో 19వ శతాబ్దంలో గ్వాడలూప్ చేరిన ఒక రంగురంగుల గోమారి వందేళ్లకు పైగా ఒకటి రెండు పక్క దీవులు తప్ప దాటలేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పశువుల వెంట తిరిగే తెల్లకొంగలు ఆ దీవుల్లో స్థిరపడ్డాక అది ఒక్కో దీవికీ పాకింది. ఆ కొంగల మీద దాని పిల్లలు దొరికాయి. కొంగ ఎగిరింది చిన్న దూరమే గానీ, బయల్దేరిన చోటా పశువులే, దిగిన చోటా పశువులే.

ఇకపై చూడాల్సింది

2012 నుంచి ఈ జబ్బు షిమోగా, ఉత్తర కన్నడ, దక్షిణ కన్నడ లాంటి పాత జిల్లాల పరిధి దాటి బండీపుర వైపు, కేరళలోని వయనాడ్, తమిళనాడులోని నీలగిరి, గోవాలోని సత్తరి, మహారాష్ట్రలోని సింధుదుర్గ్ దాకా కనిపించింది. పక్షులు మోసుకెళ్లాయా, పశువుల రవాణానా, లేక ఎప్పటినుంచో ఉన్నదే ఇప్పుడు పరీక్షలు పెరిగి తెలుస్తోందా? బహుశా మూడింటి పాలూ ఉంది, చోటును బట్టి వాటా మారుతుంది. తెలుగు రాష్ట్రాల పేర్లు ఈ జాబితాలో లేవు. కాకపోతే జోగ్ జలపాతం, ఆగుంబె, కుద్రేముఖ్ వైపు డిసెంబరు నుంచి మే దాకా వెళ్లే తెలుగువాళ్లు తక్కువేం కాదు. నిండు చేతుల బట్టలు, ఒంటికి కీటకాలను దూరంగా ఉంచే నూనె, తిరిగొచ్చాక వేడినీళ్ల స్నానం, ఒళ్లంతా వెతుక్కోవడం, చచ్చిన కోతి కనబడితే దగ్గరికి పోకుండా అటవీ సిబ్బందికి చెప్పడం, కుట్టిన గోమారిని వేళ్లతో నలపకపోవడం, ఇవి చాలు. తర్వాత వారం పది రోజుల్లో జ్వరం వస్తే డాక్టరుకి ఎక్కడికెళ్లొచ్చారో తప్పకుండా చెప్పాలి. మనిషి నుంచి మనిషికి ఇది అంటదు.

గతంలో ఇచ్చిన టీకా రక్షణ చాలడం లేదని 2022లో ఆపేశారు. ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని టీకాల సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కలిసి కొత్త టీకా మీద పనిచేస్తున్నాయి. అది చేతికొచ్చేదాకా ఊళ్లను కాపాడేది ముందస్తు నిఘానే, ఆ నిఘా ఆకాశం వైపు చూస్తే లాభం లేదు. తెల్లటి ఫ్లానెల్ గుడ్డను కర్రకి కట్టి, అడవి అంచున రాలిన ఆకుల మీద నెమ్మదిగా ఈడుస్తూ పోతారు, కొన్ని అడుగులకోసారి తిరగేసి చూస్తారు, తెల్ల గుడ్డ మీద గోధుమరంగు చుక్కలు కదులుతుంటే ఏరి సీసాలో వేసి ల్యాబ్‌కి పంపుతారు. నవంబరులో ఈ పని ఎన్ని ఊళ్లలో, ఎంత శ్రద్ధగా జరిగితే, జనవరిలో మొదటి జ్వరం ఎక్కడ రాబోతోందో అంత ముందుగా తెలుస్తుంది.